హంస పొట్టలో నూనె, ఏనుగు కాళ్ల మీద బల్ల: ఇంటి వస్తువుల్లో జంతువులు ఎందుకు వచ్చాయి, ఎటు పోయాయి

క్లుప్తంగా

పాత ఇళ్లలో జంతువు ఆకారం ఎక్కువగా పని చేసే వస్తువులకే ఉండేది. దీపం, అడకత్తెర, ఉయ్యాల గొలుసు, తలుపు కడియం అలాంటివి. కరెంటు, స్టీలు, స్లాబు ఇళ్లు వచ్చాక ఆ పనులు పోయి, ఆకారం షోపీస్‌గా మిగిలింది. నల్గొండ, పాలమూరు ఇళ్లలోకి ఇప్పుడు వస్తున్న జంతు బొమ్మల్లో చాలావరకు బయట తయారైనవే. ఇక్కడి జంతువులు వాటిలో దాదాపుగా కనిపించవు. ఏ జంతువు ఏ వస్తువుకు, ఏ పదార్థానికి సరిపోతుందో తెలిస్తే కొనడంలో తికమక చాలా తగ్గుతుంది.

ఒకే ఏనుగు, రెండు ధరలు

గృహప్రవేశానికి వెళ్లేవాళ్ల చేతిలో ఒకప్పుడు స్టీలు బిందె ఉండేది. తర్వాత గోడ గడియారం వచ్చింది. ఇప్పుడు మిర్యాలగూడలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ప్యాకింగ్ విప్పితే ఏనుగుల జతో, నెమలి దీపమో, గుర్రపు తలో బయటపడుతోంది. హాల్లో టీవీ కింద బల్ల మీద వాటికి చోటు కూడా ముందే అనుకుని పెడుతున్నారు.

చిక్కంతా కొనేటప్పుడే. జానెడు ఏనుగు ఒక షాపులో వందల్లో దొరుకుతుంది, పక్క షాపులో వేలల్లో ఉంటుంది. రెండూ పచ్చగానే మెరుస్తాయి. రెండింటినీ ఇత్తడి అనే అంటారు. దీనికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12 శాతం శ్లాబు తీసేయడంతో చాలా హస్తకళా వస్తువుల మీద పన్ను 5 శాతానికి దిగింది. అది చేత్తో చేసిన వాటికి ఇచ్చిన తగ్గింపు. అచ్చులో పోసి వేలల్లో తీసే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) బొమ్మ లెక్క వేరు. కాబట్టి ఏది చేతిపని, ఏది కాదు అన్న ప్రశ్న ఇప్పుడు బిల్లు దాకా వచ్చింది.

ధరలో తేడా ఎందుకో తెలియాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇంటి వస్తువుకు జంతువు ఆకారం అసలు ఎందుకు ఇచ్చారు?

హంస పొట్టలో నూనె

గొలుసుకు వేలాడే పాత హంస దీపం ఒకదాన్ని దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. కింద వత్తులు వేసే పళ్లెం, దాని మధ్యలో నిలబడిన హంస. చూడ్డానికి అలంకారమే. కానీ బాగా చేసిన దీపంలో ఆ హంస పొట్ట బోలుగా ఉంటుంది. పక్షిని మర తిప్పి ఊడదీసి, తలకిందులుగా పట్టుకుని, నూనె నింపి, మళ్లీ పళ్లేనికి బిగిస్తారు. పక్షి కాళ్ల దగ్గర, పళ్లెం అడుగుకు కొంచెం పైన, ఒక చిన్న రంధ్రం ఉంటుంది.

దీపం పెట్టగానే ఆ రంధ్రంలోంచి నూనె పళ్లెంలోకి దిగుతుంది. నూనె రంధ్రాన్ని ముంచేయగానే ఆగిపోతుంది. ఎందుకంటే లోపలికి గాలి పోయే దారి మూసుకుపోయింది, గాలి పోకపోతే నూనె బయటికి రాలేదు. వత్తి కాలుతున్నకొద్దీ పళ్లెంలో మట్టం తగ్గి రంధ్రం మళ్లీ బయటపడుతుంది. ఒక బుడగ గాలి లోపలికి పోతుంది, అంతే నూనె కిందికి వస్తుంది. పొట్టలో నూనె ఉన్నంతసేపు ఎవరూ చూడకపోయినా పళ్లెంలో మట్టం ఒకేలా ఉంటుంది.

షాద్‌నగర్, జడ్చర్ల వైపు కోళ్ల ఫారాల్లో కోడిపిల్లలకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ డబ్బా పనిచేసేది సరిగ్గా ఇదే పద్ధతిలో. డబ్బా నింపి, పళ్లెం మూసి, బోర్లిస్తారు. పిల్లలు తాగినంతే నీళ్లు దిగుతాయి. పేరు తెలియని కంచరి పనివాళ్లు ఇదే సూత్రాన్ని హంస పొట్టలో దాచారు. ఇది చాలా గొప్ప పని, అయినా దీన్ని గుర్తించేవాళ్లు తక్కువ.

హంసే ఎందుకు అంటే దాని ఒళ్లే అందుకు తగినట్టు ఉంది. పొట్ట పెద్దది కాబట్టి నూనె ఎక్కువ పడుతుంది. కాళ్లు పొట్టివి కాబట్టి పళ్లేనికి దగ్గరగా బిగుస్తుంది. వత్తుల మంట చుట్టూ అంచున ఉంటుంది, నూనె మధ్యలో భద్రంగా ఉంటుంది.

మిగతా వస్తువుల్లోనూ ఇలాంటి లెక్కే నడిచింది. ఉయ్యాల గొలుసులో ఏనుగు, చిలుక, గుర్రపు రౌతు బొమ్మలు వరసగా ఉంటాయి. ఒక్కో బొమ్మ ఒక పొడవాటి గట్టి లింకు. చిన్న కొక్కేలు ముప్ఫై వేసేచోట ఇవి ఏడెనిమిది సరిపోతాయి, గొలుసు మెలిక పడటమూ తగ్గుతుంది. అడకత్తెర చేతుల మీద చిలుక, గుర్రం చేసినప్పుడు పట్టు దొరికేంత మందం, చేతికి ఆనే బరువు వస్తాయి. తలుపు మీది సింహం నోట్లో కడియం ఉంటుంది. నోరు కడియానికి కీలుగా పనిచేస్తుంది, వెడల్పైన ముఖం దెబ్బ బరువును చెక్క మీద నలుమూలలా పంచుతుంది. తాబేలును దీపపు సెమ్మెకు అడుగున పెట్టింది పడిపోకుండా ఉండడానికి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, నాలుగు కాళ్లు నేల మీదే. గుడిలో అభిషేకం నీళ్లు గోముఖంలోంచి బయటికి పోయేదీ ఇలాంటి కారణంతోనే. ముందుకు సాగిన మూతి నీటిని గోడకు దూరంగా వదులుతుంది.

పదార్థం ఏ జంతువును ఒప్పుకుంటుంది

ధర తేడాలో సగం ఇక్కడే ఉంది. రాయి బరువును మోస్తుంది కానీ వంపును భరించదు. అందుకే రాతి ఏనుగు సులువు, రాతి గుర్రం కష్టం. ఏనుగు కాళ్లు స్తంభాల్లాంటివి, తొండాన్ని కాలికి ఆనించి చెక్కితే విరిగే భాగమే ఉండదు. గుర్రానికి సన్నని కాళ్లు, పైకెత్తిన గిట్ట. అందుకే రాతి గుర్రాల పొట్ట కింద చాలాచోట్ల ఒక దిమ్మె వదిలేస్తారు. యాదాద్రి కొత్త ఆలయాన్ని 2022 మార్చి 28న తెరిచాక నల్లరాతి యాళి (సింహం లాంటి ఊహా జంతువు) స్తంభాలు చూసినవాళ్లు ఇంటికీ అలాంటిది కావాలని అడగడం మామూలైంది. అక్కడ యాళి విడిగా అతికించిన బొమ్మ కాదు, స్తంభంతో ఒకే రాయి. ఒళ్లంతా వెనకనున్న స్తంభానికి ఆనుకుని ఉంటుంది కాబట్టే ఎత్తిన ముందుకాళ్లు నిలుస్తాయి. దాన్నే స్తంభం లేకుండా రెండడుగుల బొమ్మగా చెక్కించి హాల్లో పెడితే ముందు విరిగేది ఆ కాళ్లే.

మట్టి సంగతి వేరు. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే అక్కడ పగులుతుంది. అందుకే కుమ్మరి చేసే ఏనుగు, గుర్రం, ఎద్దు లోపల బోలుగా, పైన గుండ్రంగా ఉంటాయి. ఎక్కడో ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. లోపలి తడి ఆవిరై బయటికి పోకపోతే ఆవంలో బొమ్మ పగిలిపోతుంది. ఆ రంధ్రాన్ని లోపమనుకుని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. పనివాడికి పని తెలుసు అనడానికి అదే గుర్తు.

కర్రలో పోగు దారి చూడాలి. జంతువు కాళ్లు పోగు వెంట ఉంటే బరువు మోస్తాయి, పోగుకు అడ్డంగా కొమ్ము చెక్కితే చేతికి తగిలి విరుగుతుంది. మంచి వడ్లపని చేసేవాళ్లు కొమ్ములను విడిగా చెక్కి గూటంతో బిగిస్తారు.

సన్నటి కొమ్ము, నెమలి తురాయి, ఎగిరే జూలు లాంటివి లోహానికే సాధ్యం. ఇత్తడి దాదాపు 900 నుంచి 940 డిగ్రీల దగ్గర కరిగి, అచ్చులో సందుసందుకూ పారుతుంది. తెలంగాణలో దీనికి రెండు దారులు ఉన్నాయి. ఆదిలాబాద్‌లో ఓజా పనివాళ్లు చేసే డోక్రాలో మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి ఏనుగునో నెమలినో చేస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు, తర్వాత అచ్చు పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. దీనికి 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. రెండోది భువనగిరి దాటి వరంగల్ రోడ్డు మీద వచ్చే పెంబర్తి పద్ధతి. ఇత్తడి రేకును లక్క మీద పరిచి సుత్తి, ఉలులతో కొట్టి ఉబ్బెత్తు తెస్తారు. రేకు కాబట్టి తేలిక, పెద్ద సైజులోనూ చేయొచ్చు. తలుపులకు, గోడలకు బాగా ఒదుగుతుంది. దాని మీద కూర్చోవాలంటే మాత్రం కుదరదు, లోపల చెక్కో ఇనుమో కావాలి.

ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ లాంటి చోట్ల పెద్ద ఎత్తున పోతపోసే సరుకు, రెజిన్ సరుకు ఈ రెండింటికీ పోటీ. రెజిన్ ఏనుగు చూపులో తీసిపోదు. కాకపోతే దాని ఒంట్లో జంతువుకూ పదార్థానికీ ఏ సంబంధమూ ఉండదు, ఏ ఆకారమైనా పోసేయొచ్చు. అందుకే అది పనిలోకి దిగదు. దీపం వేడికి మెత్తబడుతుంది, బరువుకు చిట్లుతుంది.

వస్తువు షోపీస్ ఎలా అయింది

దీనికి కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కరెంటు వచ్చాక హంస దీపానికి రోజువారీ పని పోయింది. దూలాలున్న మిద్దె పోయి స్లాబు వచ్చాక ఉయ్యాల నట్టింట్లోంచి వెళ్లిపోయింది. ఇంటింటా తాంబూలం వేసుకునే అలవాటు తగ్గి అడకత్తెర మూలకు చేరింది. కాలింగ్ బెల్ వచ్చి సింహం నోరు మూయించింది. అదే సమయంలో పాత ఇత్తడి ఇస్తే స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చే వ్యాపారులు ఊరూరా తిరిగారు. తూకానికి పోయిన వాటిలో బిందెలతో పాటు చిలుక అడకత్తెరలు, నెమలి కుంకుమ భరిణెలు, నాగపడగ దీపాలు కూడా కరిగిపోయాయి. ఆ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు. ఇప్పుడు అలాంటివే పాత సామాన్ల దుకాణాల్లో కొత్త బిందె కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి.

పని పోయాక ఆకారంలో ఏం మారిందో కొత్త నెమలి దీపాన్ని పాతదాని పక్కన పెడితే తెలుస్తుంది. కొత్తదానిలో నెమలి పైన గుబ్బగా మిగిలింది. పట్టుకుని ఎత్తడానికి పనికొస్తుంది, అంతకు మించి లేదు. పొట్టలో నూనె లేదు కాబట్టి పొట్ట పెద్దగా ఉండాల్సిన అవసరమూ లేదు. మెడ సాగింది, తోక విప్పారింది, ముట్టుకుంటే గీసుకునేలా తయారైంది. వస్తువు చేతిలోంచి కంటి ముందుకు మారింది.

ఇదే మార్పు గుమ్మం దగ్గరా జరిగింది. టేకు దర్వాజకు ఏనుగులు, చిలుకలు, నెమళ్లు చెక్కించడం ఈ ప్రాంతంలో ఇప్పుడు బాగా నడుస్తోంది. ఎక్కువ పని సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మిషన్ల మీదే అవుతోంది. మామూలు మిషన్‌లో బిట్టు పైనుంచి కిందికి మాత్రమే దిగుతుంది, పక్కనుంచి లోపలికి దూరలేదు. అందుకే చిలుక ముక్కు కింద ఖాళీ రాదు, ఏనుగు చెవి తల నుంచి విడిపోదు. నీడలు పడే చోట్లు తక్కువ కాబట్టి చెక్కడం చదునుగా కనిపిస్తుంది. చేత్తో చెక్కేవాళ్లు ఉలిని వంచి కింద కోస్తారు. ఖర్చు పెట్టేవాళ్లు చాలామంది ఈ తేడా తెలియకుండానే చేతిపని ధర ఇచ్చి మిషన్ పని తెచ్చుకుంటున్నారు. మిషన్ పని తప్పు కాదు. మిషన్ పని అని చెప్పి అమ్మకపోవడం తప్పు.

బయటి దేశాల్లో ఏం జరిగింది

కుర్చీకి జంతువు కాళ్లు పెట్టడం చాలా పాత సంగతి. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ సమాధిలోని బంగారు సింహాసనానికి సింహపు కాళ్లే ఉన్నాయి. మన భాషలో సింహాసనం, సింహద్వారం అన్న మాటలు కూడా ఆ సంబంధాన్నే మోస్తున్నాయి.

ఆధునిక కాలంలో దీన్ని తిరిగి పనిలోకి దించినవాడు ఫ్రాన్స్ శిల్పి ఫ్రాంస్వా గ్జావియే లలాన్. 1964లో ఇత్తడి ఖడ్గమృగం చేశాడు. పక్క తలుపు తెరిస్తే లోపల రాసుకునే బల్ల. ఆ మరుసటి ఏడాది ఉన్ని గొర్రెల మంద చేశాడు. ఒక్కోటి కూర్చునే పీట, కింద చక్రాలు. ఆ ఖడ్గమృగం బల్ల 2023లో ప్యారిస్ వేలంలో 1.8 కోట్ల యూరోలు దాటి అమ్ముడైంది. ఆ ధర మన ఇళ్లకు సంబంధం లేనిది. అతని పద్ధతి మాత్రం మన హంస దీపం పద్ధతే. జంతువు ఒంట్లో ఖాళీ ఎక్కడుంది, బరువు ఎక్కడ ఆగుతుంది అని చూసి అక్కడ పని పెట్టాడు.

ఖరీదు లేని ఉదాహరణ జపాన్‌లో ఉంది. అక్కడ దోమల కాయిల్‌ను మట్టి పంది బొమ్మ లోపల వెలిగిస్తారు. వెనక వెడల్పుగా తెరిచి ఉంటుంది, ముందు నోరు ఉంటుంది. గాలి ఆడుతుంది, పొగ బయటికి వస్తుంది, బూడిద నేల మీద పడదు, పిల్లల చేతికి నిప్పు తగలదు. పాలమూరు కుమ్మరి సారె మీద ఇలాంటిది చేయడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ.

ఇక్కడి జంతువులు ఎక్కడ?

షాపుల్లోని బొమ్మల వరస చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏనుగు, సింహం, హంస, పరుగెత్తే గుర్రం, ఒంటె. వీటిలో ఒక్కటీ ఇక్కడి అడవిలోనో పొలంలోనో రోజూ ఎదురయ్యేది కాదు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఆ వైపు నల్లమలలోనే పొడ తూర్పు పశువులు ఉన్నాయి. ఒంటి నిండా పొడలు, చూడగానే గుర్తుపట్టే జాతి. నారాయణపేట వైపు కృష్ణ ఒడ్డున కృష్ణజింకలు చేలల్లో పడి మేస్తున్నాయని రైతులు మొత్తుకుంటారు. రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా రోజు చూడటానికి ఊరి బయటికి వెళ్తారు. ఇవేవీ ఇంట్లో వస్తువుగా కనిపించవు.

కారణం తయారీ ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. దక్షిణ తెలంగాణ హస్తకళల్లో జీఐ పేరున్నవి పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, పుట్టపాక తేలియా రుమాల్. అన్నీ మగ్గం పనే. బొమ్మకు, పోతకు పేరున్న ఊళ్లు ఉత్తరాన ఉన్నాయి. దక్షిణాన జంతు రూపం మట్టిలోనే బతికింది, అదీ పండగ వరకే. గద్వాల, నారాయణపేట వైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. నాలుగు వేళ్ల ముద్దలో మూపురం, కొమ్ములు, గంగడోలు తెప్పించే చేతులు అవి. ఆ పనితనానికి ఏడాదిలో మిగతా రోజుల్లో గిరాకీ లేదు.

ఉన్ని సంగతీ ఇంతే. దక్కని గొర్రె నల్ల ఉన్నితో కురుమలు గొంగడి నేస్తారు. గరుకుగా ఉండటంతో ఆ ఉన్నికి ధర పడిపోయింది, కాపరులు ఉన్ని లేని మాంసం జాతులకు మారారు. కానీ కూర్చునే పీటకు కావాల్సింది ఆ గరుకుదనమే. తొందరగా అరగదు, జారదు. పొట్టేలు ఆకారంలో చెక్క పీట చేసి పైన గొంగడి కప్పితే వడ్లపనికీ గొర్రెలకాపరికీ ఒకేసారి పని దొరుకుతుంది. పొడ ఎద్దు కొమ్ముల వంపు బట్టలు తగిలించే కొక్కేనికి తయారుగా ఉంది. పాలపిట్ట పెద్ద తల, పొట్టి మెడ తాళాలు తగిలించే గోడ కొక్కేనికి సరిపోతాయి. ఊహకు ఇవి కొత్తగా అనిపించినా, హంస పొట్టలో నూనె పోసినవాళ్ల ఆలోచన కూడా ఇదే.

వాస్తు మాట, చట్టం మాట

బొమ్మ ఏ దిక్కుకు చూడాలి అన్న టెన్షన్‌తో కొనేవాళ్లు చాలామంది. ఏడు గుర్రాల చిత్రానికి మనవాళ్లు సూర్యరథంతో ముడి పెట్టుకుంటారు. నోట్లో నాణెం ఉన్న మూడు కాళ్ల కప్ప మాత్రం చైనా నమ్మకం, ఫెంగ్‌షుయ్ సరుకుతో పాటు వచ్చింది. రెండింటినీ ఒకే వాస్తు పేరుతో అమ్ముతున్నారు. నమ్మకం ఎవరిష్టం వారిది. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని కొనడం వేరు.

ఒక్క విషయంలో మాత్రం ఇష్టానికి చోటు లేదు. బొమ్మ తాబేలుకు బదులు బతికున్న నక్షత్ర తాబేలును తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దంతం అమ్మకం, కొనుగోలు నిషేధం. దుప్పి కొమ్ములు అడవిలో రాలినవే అయినా వ్యాపారం చేయకూడదు. తాతల నాటి ఇంటి గోడకు జింక తల ఉంటే దానికి అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య పత్రం ఉండాలి. సహజంగా రాలిన నెమలి ఈకలకు దేశం లోపల మినహాయింపు ఉంది.

షాపులో నిలబడి చూడాల్సినవి

ముందు అయస్కాంతం. ఇత్తడికి అంటుకోదు, అంటుకుంటే లోపల ఇనుము. తర్వాత అడుగు భాగం. పైన ఎంత మెరుగు పెట్టినా అడుగున రంగు పలచగా ఉంటుంది, అక్కడ తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమో ఇంకో లోహమో. డోక్రా అని చెప్పి ఇచ్చేవాటిలో రెండు బొమ్మలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. అచ్చు పగలగొట్టి తీసిన బొమ్మకు ఇంకోటి అలా రాదు. కూర్చునే ఏనుగు పీటైతే కొనేముందు దాని మీద కూర్చుని చూడాలి, అమ్మేవాళ్లు వద్దంటే అది పీట కాదు. ఇంటికొచ్చాక నల్లటి మెరుగున్న బొమ్మను చింతపండుతో తోమితే ఆ నలుపంతా పోతుంది, పొడి గుడ్డ చాలు.

హంస దీపానికైతే ఒక సీసా నీళ్లు అడగాలి. పక్షి పొట్ట నింపి, బిగించి, పళ్లెం మట్టంగా వేలాడదీయాలి. కొన్ని నీళ్లు పళ్లెంలోకి దిగి వాటంతట అవే ఆగాలి. చేత్తో కొంచెం తీసేస్తే బుడబుడమని మళ్లీ అన్నే రావాలి. ఆగకుండా కారితే అతుకు సరిగా లేదు. అసలు రాకపోతే ఆ హంస పొట్టలో దారే పెట్టలేదు.